టిరియన్ కూడా టార్గేరియనేనా? జుట్టు రంగు చూసి తండ్రిని తేల్చేస్తే వచ్చే చిక్కు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో జాన్ స్నో నెడ్ స్టార్క్ కొడుకు కాదు, యువరాజు రేగర్ టార్గేరియన్‌కీ నెడ్ చెల్లెలు లియానా స్టార్క్‌కీ పుట్టినవాడు అని అభిమానులు ఏళ్ల తరబడి చెప్పిందే చివరికి నిజమైంది కదా, మరి అదే లెక్కన టిరియన్ లానిస్టర్ రేగర్ తండ్రి, పిచ్చిరాజు ఏరిస్ కొడుకన్న థియరీని ఎందుకు నమ్మకూడదు? దానికి మీరిచ్చిన ఆధారాలు: తెల్లగా కనిపించేంత లేత జుట్టు, రెండు రంగుల కళ్లు, చిన్నప్పటి నుంచి డ్రాగన్ల పిచ్చి, తండ్రి టైవిన్‌కి అతనంటే ఉన్న ద్వేషం, సీరియల్‌లో డ్రాగన్లు అతన్ని ఏమీ చేయకపోవడం.

నా జవాబు ముందే చెప్పేస్తాను, నేను నమ్మను. ఆధారాలు లేక కాదు, చాలానే ఉన్నాయి, కొన్నయితే రచయిత మార్టిన్ కావాలనే పెట్టాడు. అయినా నమ్మను. ఎందుకో చెప్పాలంటే పుస్తకాల కథా సీరియల్ కథా రెండూ బయటపెట్టాలి, కాబట్టి ఇంకా చదవనివాళ్లు, చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ముందు జాన్ సంగతి. మొదటి పుస్తకం 1996లో వచ్చింది, ఆ దశాబ్దం పూర్తికాకముందే ఇంటర్నెట్‌లో పాఠకులు ఈ ముడి విప్పేశారు. సీరియల్ దాన్ని 2016లో ఆరో సీజన్ చివరి ఎపిసోడ్‌లో చూపించింది, మరుసటి ఏడాది పెళ్లి సంగతి, ఏగాన్ అనే అసలు పేరు కూడా చెప్పింది. పుస్తకాల్లో అధికారికంగా ఇప్పటికీ తేలలేదు, ఎందుకంటే 2011లో వచ్చిన ఐదో పుస్తకం తర్వాత ఆరోది రాలేదు. సీరియల్ తీస్తామని వచ్చిన బెనియాఫ్, వైస్‌లను మార్టిన్ 'జాన్ తల్లి ఎవరు?' అని అడిగాడని వాళ్లే చాలాసార్లు చెప్పారు. గమనించండి, తండ్రి ఎవరని కాదు, తల్లి ఎవరని. తల్లి తెలిస్తే తండ్రి దానంతటదే తేలిపోతుంది.

ఈ థియరీ ఎందుకు నిలబడిందో చూడండి. జాన్‌కి టార్గేరియన్ల గుర్తులైన వెండి జుట్టు లేదు, ఊదారంగు కళ్లు లేవు, మనిషి అచ్చం స్టార్క్‌లా ఉంటాడు. పోలికల మీద ఒక్క ఆధారం కూడా లేదు, రేగర్ వైపు నుంచైతే అసలే లేదు. మరి పాఠకులు ఎలా పట్టుకున్నారు? నెడ్ వల్ల. నెడ్ కోణంలో సాగే అధ్యాయాలు మొదటి పుస్తకంలో చాలా ఉన్నాయి, అతని మనసులో ఏముందో మనం నేరుగా చదువుతాం, అయినా జాన్ పుట్టుక దగ్గరికి వచ్చేసరికి ఆ మనసు మూసుకుపోతుంది. ఒకచోట అతను తన పిల్లల్ని తలుచుకుంటూ రాబ్, సాన్సా, ఆర్యా, బ్రాన్, రికన్ అని వరసగా అనుకుంటాడు, జాన్ ఆ వరసలో ఉండడు. వెంటనే తర్వాతి వాక్యంలో జాన్ పేరు వస్తుంది, కానీ వేరేగా వస్తుంది: జాన్ ప్రాణానికీ తను కన్న పిల్లల ప్రాణాలకీ మధ్య ఎంచుకోవాల్సివస్తే తన భార్య కాట్లిన్ ఏం చేస్తుందోనని. మొదటిసారి చదివేటప్పుడు దీన్ని దాటేసి వెళ్లిపోతాం, రెండోసారి మాత్రం కుదరదు.

ఇంకా పెద్దది ఆ బురుజు కల. కాలు విరిగి జ్వరంలో పడి ఉన్న నెడ్‌కి డోర్న్ కొండల్లోని బురుజు కలలో కనిపిస్తుంది. బయట ముగ్గురు కింగ్స్‌గార్డ్‌లు, అంటే రాజు అంగరక్షకులు: ఆర్థర్ డేన్, ఆస్వెల్ వెంట్, వాళ్ల నాయకుడు గెరాల్డ్ హైటవర్. నెడ్‌తో కలిపి ఏడుగురు వెళ్తే ఇద్దరే ప్రాణాలతో తిరిగొస్తారు, నెడ్, హౌలండ్ రీడ్. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. అప్పటికి రాజు ఏరిస్ చనిపోయాడు, యువరాజు రేగర్ చనిపోయాడు, మిగిలిన చిన్న రాకుమారుడు విసేరిస్‌ని తల్లితో పాటు డ్రాగన్‌స్టోన్‌కి తీసుకుపోయారు. రాజుని కాపాడటమే జన్మంతా పనిగా పెట్టుకున్న ముగ్గురు వీరులు ఆ విసేరిస్ దగ్గరికి పోకుండా, ఎక్కడో కొండల్లో ఒక బురుజు ముందు నిలబడి చావడానికి ఎందుకు సిద్ధపడ్డారు? లోపల ఉన్నది రాజే, అంటే రేగర్ బిడ్డే, అయితే తప్ప దీనికి జవాబు లేదు. దీని చుట్టూ మిగతావి పేర్చుకోండి: చావుబతుకుల్లో ఉన్న లియానా నెడ్ దగ్గర తీసుకున్న మాట, ఆ గదిలో రక్తం, గులాబీల వాసన, హారెన్‌హాల్ టోర్నీలో రేగర్ పక్కనున్న భార్య ఎలియాని దాటుకుని వచ్చి లియానా ఒడిలో పెట్టిన నీలి గులాబీల కిరీటం, తర్వాత ఏరిస్ కూతురు డెనేరిస్‌కి కనిపించిన దృశ్యంలో మంచుగోడ పగులులోంచి పూసిన నీలి పువ్వు.

నేను ఏ పుట్టుక థియరీకైనా పెట్టే పరీక్ష ఇక్కణ్నుంచే వచ్చింది. థియరీని తీసేసి కథని చూడండి, ఎక్కడైనా కన్నం పడిందా? పడితే థియరీలో దమ్ముంది. జాన్ విషయంలో తీసేస్తే నెడ్ మౌనానికి అర్థం ఉండదు, ఆ ముగ్గురి చావుకి అర్థం ఉండదు, పద్నాలుగేళ్లు భార్యతో కూడా చెప్పకుండా పరువు పోగొట్టుకుని బతికిన మనిషికి అర్థం ఉండదు.

ఇప్పుడు టిరియన్. ఆధారాలు నిజాయితీగా పెడతాను, ఎందుకంటే ఈ థియరీని వెక్కిరించేవాళ్లలో సగం మంది వాటిని సరిగ్గా చదవలేదు. ఐదో పుస్తకంలో ముసలి వీరుడు బారిస్టన్ సెల్మీ డెనేరిస్‌కి చెబుతాడు: ఆమె తండ్రి ఏరిస్ కుర్రవాడిగా ఉన్నప్పుడు టైవిన్‌కి వరసకి చెల్లెలయ్యే ఒక లానిస్టర్ అమ్మాయి మీద మనసుపడ్డాడని, ఆమెకీ టైవిన్‌కీ పెళ్లైన రోజు బాగా తాగి, ప్రభువుకి తొలిరాత్రి హక్కు ఉండే పాత ఆచారం పోయిందే అని వెకిలిగా మాట్లాడాడని, పడకగదికి పంపే తంతులో హద్దు మీరాడని. ఆ అమ్మాయే జొయానా, టిరియన్ తల్లి. తర్వాత 2014లో వచ్చిన వెస్టరోస్ చరిత్ర పుస్తకంలో ఇంకొంచెం దొరుకుతుంది. ఏరిస్ పాలనకి పదేళ్లు నిండిన సందర్భంగా ఆ కథాలోకపు లెక్కలో 272వ ఏట రాజధానిలో టోర్నీ జరిగితే, ఆరేళ్ల కవల పిల్లలు జేమీ, సెర్సీలతో జొయానా అక్కడికి వస్తుంది, నిండు సభలో తాగిన రాజు ఆమె వక్షం గురించి నీచమైన ప్రశ్న అడుగుతాడు, మర్నాడు పొద్దున్నే టైవిన్ హ్యాండ్ (రాజుకి ప్రధానమంత్రి లాంటి) పదవికి రాజీనామా ఇస్తే రాజు ఒప్పుకోడు. టిరియన్ పుట్టింది 273లో. ఆ తేదీలు అలా పక్కపక్కన పడ్డాయంటే యాదృచ్ఛికం అని నేను అనను. రచయిత తేదీలు వేసుకునేటప్పుడు కళ్లు మూసుకుని వేసుకోడు.

పైగా టైవిన్ నోటి మాటలు ఉన్నాయి. లానిస్టర్ల కోట కాస్టర్లీ రాక్ నాకు కావాలని టిరియన్ అడిగినప్పుడు, నువ్వు నా కొడుకువి కాదని నిరూపించలేను కాబట్టే నా పేరు పెట్టుకుని తిరుగుతున్నావన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. మరుగుదొడ్లో టిరియన్ వేసిన బాణం దిగి చస్తూ కూడా అతను అనబోయింది నువ్వు నా కొడుకువి కాదనే. ఈ మాటల్ని అక్షరాలా తీసుకోవాలనేది థియరీ వాళ్ల వాదన.

సరే, ఇప్పుడు పరీక్ష పెట్టండి. థియరీ తీసేస్తే టైవిన్ ద్వేషానికి కారణం లేకుండా పోతుందా? పోదు. జొయానా ఈ బిడ్డని కంటూనే చనిపోయింది, టైవిన్ జీవితంలో మెత్తటి చోటంటూ ఉంటే అది ఆమె ఒక్కతే. ఇంకొకటి, దీన్ని జనం తక్కువగా పట్టించుకుంటారు: టైవిన్ తండ్రి టైటాస్ మెతక మనిషి, సొంత సామంతులే అతన్ని చూసి నవ్వేవాళ్లు, అప్పులు ఎగ్గొట్టేవాళ్లు, చివరి ఏళ్లలో ఒక మామూలు ఇంటి ఆడమనిషిని ఇంట్లో పెట్టుకుని చనిపోయిన భార్య నగలు ఆమెకి పెట్టాడు. తండ్రి పోగానే టైవిన్ ఆమెని వీధుల్లో నగ్నంగా నడిపించాడు. తిరగబడ్డ సామంతులైన రెయిన్ కుటుంబాన్ని పిల్లాపాపలతో సహా తుడిచిపెట్టాడు. ఇదంతా ఒకే ఒక్క కారణానికి, లానిస్టర్ల మీద ఇక ఎవరూ నవ్వకూడదు. అలాంటివాడికి పుట్టిన కొడుకు ఊరంతా నవ్వే మరుగుజ్జు, మాటకారి, తాగుబోతు, వేశ్యల చుట్టూ తిరిగేవాడు. టిరియన్ మొదటి భార్య టైషా విషయంలో టైవిన్ చేసిన ఘోరం కూడా ఇందులోంచి వచ్చిందే. ద్వేషానికి ఇంతకంటే కారణం కావాలా? కన్నం ఎక్కడా లేదు.

పోనీ థియరీని కలిపి చూడండి, కథకి ఏం వస్తుంది? నాకు తెలిసి పోయేదే ఎక్కువ. నాలుగో పుస్తకంలో టైవిన్ చెల్లెలు జెన్నా, జేమీతో మొహం మీదే అంటుంది, టైవిన్‌కి అసలైన కొడుకు టిరియనే, నువ్వు కాదు అని. ఆ మాట ఒకసారి తనే అన్నతో అంటే అతను అర్ధ సంవత్సరం మాట్లాడలేదని కూడా చెబుతుంది. లెక్కలు, ఎత్తులు, పాలన, కర్కశత్వం, అన్నీ తండ్రివే, ఒక్క ఒడ్డూపొడుగూ తప్ప. తాను జీవితమంతా కోరుకున్న వారసుడు కళ్లముందే ఉంటే గుర్తించకుండా, చివరికి వాడి చేతిలోనే చచ్చాడు, టైవిన్ కథ అంటే ఇదీ. టిరియన్ ఏరిస్ కొడుకని తేలిందనుకోండి, టైవిన్ పాపం మోసపోయిన భర్త అయిపోతాడు, ఇరవై ఏళ్ల క్రూరత్వానికి ఒక సాకు దొరుకుతుంది, టిరియన్ చేసింది పితృహత్య కాకుండా పోతుంది. జాన్ రహస్యం బయటపడితే నెడ్ ఎత్తు పెరిగింది. ఇక్కడ ఇద్దరి ఎత్తూ తగ్గుతుంది.

మరి ఆ తేదీలు, ఆ పుకార్లు ఎందుకు పెట్టాడంటారా? నా ఉద్దేశంలో అవి మన కోసం కాదు, టైవిన్ కోసం. ఏరిస్ ఏమీ చేయకపోయినా సరే, ఆ అనుమానం ఒక్కటి టైవిన్ బుర్రలో పడితే చాలు, ఈ వికారమైన పిల్లాడు నావాడు కాదేమో అనుకునే సౌకర్యం దొరికింది. అతను నిరూపించలేను అన్నాడు చూడండి, నిరూపించగలిగితే బాగుండు అనే ఆశ అందులో ఉంది. చరిత్ర పుస్తకంలో కూడా ఏరిస్, జొయానాల పుకారుని రాజసభ పండితుడు గ్రాండ్ మేస్టర్ పైసెల్ కొట్టిపారేస్తాడు, అదే నిజమైతే అంత గర్వం ఉన్న టైవిన్ ఆమెని పెళ్లి చేసుకునేవాడు కాదని. పైసెల్ జీవితమంతా టైవిన్ మనిషే కాబట్టి ఆ సాక్ష్యానికి ఎంత విలువ ఇస్తారో మీ ఇష్టం, నేనైతే పెద్దగా ఇవ్వను.

ఇక జుట్టూ కళ్లూ. మన పాత సినిమాల్లో తప్పిపోయిన కొడుకుని పుట్టుమచ్చ చూసి పట్టేసినట్టు ఈ పుస్తకాల్లో జుట్టు చూసి పట్టేయొచ్చని మనకి నేర్పింది కూడా మార్టినే. మొదటి పుస్తకంలో, ఏరిస్ తర్వాత రాజైన రాబర్ట్ బారాథియన్‌కి హ్యాండ్‌గా ఉన్న జాన్ ఆరిన్ (జాన్ స్నో కాదు) చనిపోతూ బీజం బలమైనదని అంటాడు, నెడ్ వంశవృక్షాల పుస్తకం తిరగేసి బారాథియన్ల పిల్లలందరికీ నల్లజుట్టే అని గమనిస్తాడు, రాబర్ట్ అక్రమ సంతానమైన కమ్మరి కుర్రాడు గెండ్రీని చూస్తాడు, సెర్సీ కన్న, బంగారు జుట్టున్న జాఫ్రీ రాబర్ట్ కొడుకు కాదని తేల్చుకుంటాడు. పాఠకుడికి పాఠం పడింది: జుట్టు చూస్తే తండ్రి తెలుస్తాడు. ఆ తర్వాత నాలుగు పుస్తకాల నిండా ఇదే పాఠంతో మనల్ని బోల్తా కొట్టిస్తాడు. అసలైన టార్గేరియన్ రక్తం ఉన్న జాన్‌కి వెండి జుట్టు లేదు. పాతకాలపు బేలర్ బ్రేక్‌స్పియర్ సాక్షాత్తూ టార్గేరియన్ యువరాజు, అతనికి డోర్న్ తల్లి నల్లజుట్టు వచ్చింది. వెండి జుట్టూ ఊదా కళ్లూ పక్కాగా ఉన్నవాడు రేగర్ కొడుకునని చెప్పుకునే యంగ్ గ్రిఫ్, వాడి పుట్టుకే అందరికంటే అనుమానం.

టిరియన్ దగ్గరికొస్తే, జుట్టు లేతదే గానీ గడ్డంలో పసుపు, నలుపు కలిసి ఉంటాయి, ఒక కన్ను ఆకుపచ్చ, ఇంకోటి నలుపు. ఆ నలుపు లానిస్టర్ల రంగూ కాదు, టార్గేరియన్ల రంగూ కాదు. షియేరా సీస్టార్‌కి కూడా రెండు రంగుల కళ్లుండేవి, ఆమె టార్గేరియన్ రాజు కూతురే కదా అని వాదించేవాళ్లున్నారు. ఆమెవి నీలం, ఆకుపచ్చ. అంతకు మించి దాంట్లో ఏమీ లేదు. సీరియల్‌లో టిరియన్‌కి ఇవేవీ లేవు కాబట్టి ఆ చర్చ పుస్తకాలకే పరిమితం.

ఇక్కడ ఒక పక్కమాట. చాలామంది మనవాళ్లు జాన్‌ని కర్ణుడితో పోలుస్తారు, పుట్టుక దాచిన రాజకుమారుడు కాబట్టి. పైకి సరిపోతుంది గానీ కథ నడిచే తీరు పూర్తిగా వేరు. కర్ణుడు ఎవరో వినేవాళ్లకి మొదటి నుంచీ తెలుసు, కుంతి ఎప్పుడు నోరు విప్పుతుందా అనే ఉత్కంఠ. కాబట్టి భారతంలో కర్ణుడి తండ్రి ఎవరు అని థియరీ కట్టే పని మనకి లేదు. మార్టిన్ దాన్ని తిరగేసి, వినేవాడికి కూడా చెప్పకుండా దాచాడు. అందుకే ఈ పుస్తకాల చుట్టూ ఇంత డిటెక్టివ్ పని పెరిగింది, అందుకే ప్రతివాడూ ఎవడో ఒకడి కొడుకు అయిపోతున్నాడు. జేమీ, సెర్సీలే ఏరిస్ పిల్లలనే థియరీ కూడా ఉంది తెలుసా? నిజం చెప్పాలంటే టిరియన్ దానికంటే నాకు అదే కాస్త నచ్చుతుంది, సెర్సీకి ఏరిస్ లాగే వైల్డ్‌ఫైర్ అనే మండే ద్రవం మీద ఉన్న మోజు, టార్గేరియన్లలా అక్కాతమ్ముళ్ల మధ్య శృంగార సంబంధం, జేమీ చంపిన ఏరిస్ అతని సొంత తండ్రే అవడం, జెన్నా మాట అక్షరాలా నిజమవడం. కానీ అది కూడా తీసేస్తే కన్నం పడదు కాబట్టి దాన్నీ నమ్మను.

నేను నమ్మేది ఇంకొకటుంది, ఇందాక అన్న యంగ్ గ్రిఫ్. రేగర్ కొడుకు ఏగాన్‌ని పసిపిల్లాడిగా మార్చేసి కాపాడామని రాజసభ గూఢచారి వేరిస్ వర్గం చెబుతుంది. వీడు బ్లాక్‌ఫైర్ (టార్గేరియన్లలోంచి చీలి గద్దె కోసం పోరాడిన శాఖ) రక్తం, వేరిస్ మిత్రుడైన వ్యాపారి ఇలీరియో చనిపోయిన భార్య సెరా కొడుకు అన్నది థియరీ. పరీక్ష పెట్టండి. గోల్డెన్ కంపెనీ అనే కిరాయి సైన్యాన్ని పెట్టిందే టార్గేరియన్లను దించి బ్లాక్‌ఫైర్లను గద్దెనెక్కించడానికి. ఎప్పుడూ ఒప్పందం తప్పమని గొప్పలు చెప్పుకునే ఆ సైన్యం మైర్ నగరంతో ఒప్పందం తెంచుకుని మరీ ఒక టార్గేరియన్ కుర్రాడి కోసం సముద్రం దాటుతుందా? నలుపైనా ఎరుపైనా డ్రాగన్ డ్రాగనే అని ఇలీరియో ఊరికే అంటాడా? నాలుగో పుస్తకంలో ఒక సత్రం ముందు ఉండే నల్ల ఇనుప డ్రాగన్ బోర్డుని ముక్కలు చేసి నదిలో పారేస్తే, ఏళ్ల తర్వాత ఒక తల తుప్పుపట్టి ఎర్రగా మారి ఒడ్డుకి కొట్టుకొచ్చిందని ఒక ముసలి సెప్టన్ (పూజారి) చెబుతాడు. నల్ల డ్రాగన్ బ్లాక్‌ఫైర్ల గుర్తు, ఎర్ర డ్రాగన్ టార్గేరియన్లది. ఇంతకంటే గట్టిగా ఎవరూ సైగ చేయరు. ఎదురువాదన ఒకటి బలంగానే ఉంది, ఐదో పుస్తకం చివర్లో వేరిస్ చావబోతున్న టైవిన్ తమ్ముడు కెవాన్‌తో కూడా ఇతన్ని ఏగాన్ అనే అంటాడు, చచ్చేవాడి దగ్గర అబద్ధం ఎందుకు? దానికి నా దగ్గర పూర్తిగా తృప్తినిచ్చే జవాబు లేదు, అయినా తూకం అటే మొగ్గుతుంది. సీరియల్‌లో ఈ పాత్రే లేదు కాబట్టి అక్కడ వెతక్కండి.

చివరిగా మీ డ్రాగన్ల ఆధారం. ఆరో సీజన్లో మీరీన్ పిరమిడ్ కింద టిరియన్ రెండు డ్రాగన్ల గొలుసులు విప్పుతాడు, అవి కాల్చకుండా ఊరుకుంటాయి, ఆ సీన్ వచ్చిన వారం ఈ థియరీ ఎంత ఊపందుకుందో నాకు బాగా గుర్తు. సీరియల్ 2019లో ముగిసిపోయింది, టిరియన్ పుట్టుక మీద ఒక్క మాట రాలేదు. పుస్తకాల్లో ఇంకా దారి తెరిచే ఉంది, అతను ఏదో ఒక రోజు డ్రాగన్ ఎక్కుతాడని నేను కూడా అనుకుంటున్నాను. ఎక్కాడనుకుందాం, అప్పుడు కూడా 'చూశారా, టార్గేరియన్!' అని మెసేజ్ పెట్టకండి. జోస్యంలో చెప్పిన డ్రాగన్ మూడు తలల్లో మూడోది టార్గేరియన్ అయ్యే తీరాలని లేదని మార్టిన్ చెప్పాడు. అంతకంటే ముఖ్యంగా నెటిల్స్ ఉంది. టార్గేరియన్ల అంతర్యుద్ధంలో షీప్‌స్టీలర్ అనే అడవి డ్రాగన్‌ని దారికి తెచ్చుకున్న అమ్మాయి, చామనఛాయ, నల్లజుట్టు, తండ్రి ఎవరో తెలియదు, వెండి వెంట్రుక ఒక్కటి లేదు. రోజూ పొద్దున్నే దానికి అప్పుడే కోసిన గొర్రెని తీసుకెళ్లి పెట్టింది, అది అలవాటుపడింది, ఎక్కింది. టిరియన్‌కి అంతకంటే పెద్ద తెలివితేటలే ఉన్నాయి.